కొట్టి బయటికి పంపితే భరణం, బంగారం, ఇల్లు ఎలా అడగాలి?

నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది, మనిషి మారినా మాట మారదు. "ఆయన కొట్టాడని కోర్టులో రుజువైతే ఆస్తిలో సగం వస్తుందా అండీ?"

రాదు. ఈ సగం మాట నమ్ముకుని రెండేళ్ళు దాని వెనకే తిరిగి, నిజంగా రావాల్సిన బంగారం, అద్దె, నెలనెలా డబ్బు అడగడమే మర్చిపోయినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తున్నాను. మన దేశంలో విడాకులప్పుడు భార్యాభర్తల ఆస్తులన్నీ ఒకచోట కుప్పపోసి చెరిసగం చేసే చట్టం లేదు. కాగితం ఎవరి పేరున ఉంటే ఆస్తి వాళ్ళది, కోర్టు అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది.

మరి కొట్టడానికి లెక్కే లేదా అంటే ఉంది, నాలుగు చోట్ల ఉంది. మీరు ఉండే గూడు, మీ స్త్రీధనం (మీకని పెట్టిన నగలు, వస్తువులు, డబ్బు), నష్టపరిహారం, భరణం. ఆ నాలుగింటిలోనూ హింస గురించి చెప్పడం ఒక్కటే చాలదు. ఆ హింస వల్ల ఎంత ఖర్చయింది, ఎంత జీతం పోయింది, ఏ వస్తువు ఎవరి దగ్గర ఉండిపోయింది అన్నది కాగితం మీద కనపడాలి. కింద రాసిందంతా ఆ కాగితం ఎలా తయారుచేసుకోవాలి, ఎక్కడ పెట్టాలి అన్న దాని గురించే.

ఇది చదివే సమయానికి మీరు ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే, ఆయన మీ ఫోన్ చూస్తాడంటే, ఈ పేజీ మూసేసి నమ్మకమైనవాళ్ళ ఫోన్‌లో చదవండి. ప్రాణం మీదికి వస్తే 112. సలహాకి, తలదాచుకోవడానికి 181.

దగ్గర పెట్టుకోవాల్సినవి

అన్నీ ఉండాలని లేదు, ఉన్నవి చాలు. కానీ ఒరిజినల్స్ ఆ ఇంట్లో వదలకండి.

- ఆధార్, పెళ్ళి సర్టిఫికెట్. అది లేకపోతే శుభలేఖ, పెళ్ళి ఫొటోలు, ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డు
- ఆసుపత్రి చీటీలు, బిల్లులు, ఎక్స్‌రేలు, గాయాల ఫొటోలు
- మీ బ్యాంకు పాస్‌బుక్ లేదా స్టేట్‌మెంట్లు. కట్నం, లాంఛనాల డబ్బు పుట్టింటి ఖాతా నుంచి వెళ్ళి ఉంటే ఆ ఖాతావి కూడా
- బంగారం బిల్లులు, పెళ్ళి ఆల్బమ్, వీడియో
- ఆయన జీతం, వ్యాపారం, పొలం, ప్లాట్లకి సంబంధించి చేతికి అందినవి ఏవైనా. పే స్లిప్ ఫొటో అయినా సరే
- పిల్లల స్కూల్ ఫీజు రసీదులు
- ఒక నోటుపుస్తకం

నోటుపుస్తకం ఎందుకో రెండో మెట్టులో చెప్తాను.

1. మొదటి కాగితం ఆసుపత్రిలో పుడుతుంది, అక్కడ అబద్ధం చెప్పకండి

దెబ్బ తగిలితే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే కేసుకి పనికొచ్చేలా గాయాల్ని నమోదు చేసే కాగితం) రాయమనండి. ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు అన్నది మీ నోటితో చెప్పాలి. అందరూ జారిపడేది ఇక్కడే. పక్కన అత్తగారో ఆడపడుచో నిలబడి ఉంటారు, డాక్టర్ అడగ్గానే "బాత్రూంలో జారిపడ్డానండీ" అనేస్తారు. ఆ ముక్క కేస్ షీట్ మీద ఎక్కుతుంది. మూడేళ్ళ తర్వాత కోర్టులో మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు వేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు ఆ షీట్ తీసి, చదివి, "ఇది మీరు చెప్పిందేనా?" అని అడుగుతాడు. అంతే, ఇంకేం అడగక్కర్లేదు ఆయన.

ఇప్పటికే అలా చెప్పేసి ఉంటే? దాచిపెట్టకండి. ఆ రోజు పక్కన ఎవరున్నారు, ఎందుకు అలా చెప్పాల్సి వచ్చిందో మీ పిటిషన్‌లో మీరే ముందు రాయండి.

ప్రైవేటు క్లినిక్ చీటీలు కూడా పనికొస్తాయి. ఒంటి మీద దెబ్బ లేకపోయినా కేసు ఉంటుంది, ఎందుకంటే 2005 నాటి గృహ హింస చట్టంలో శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా హింసించడం, డబ్బు విషయంలో నొక్కిపెట్టడం కూడా హింసే. ఏటీఎం కార్డు లాక్కోవడం, ఇంటి ఖర్చుకి ఇవ్వకపోవడం, మీ బంగారం తాకట్టు పెట్టేయడం, ఉద్యోగం మాన్పించడం ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. భరణం, ఆస్తి దగ్గరికొచ్చేసరికి నా ఉద్దేశంలో చెంపదెబ్బ కంటే ఇవే ఎక్కువ పని చేస్తాయి, ఎందుకంటే వీటికి బ్యాంకు స్టేట్‌మెంట్ సాక్ష్యం చెప్తుంది.

2. తేదీలతో రాయండి

"పెళ్ళయినప్పటి నుంచీ చిత్రహింసలు పెట్టారు" అని రాస్తే ఏ కోర్టుకీ ఏమీ తెలియదు. అవతలివాళ్ళు "అంతా అబద్ధం" అని ఒక్క వాక్యంలో తోసేస్తారు. నోటుపుస్తకంలో ఇలా రాయండి:

"2023 సంక్రాంతి మర్నాడు, కనుమ రోజు సాయంత్రం, మా నాన్న ప్లాట్ డబ్బు ఇవ్వలేదని బెల్టుతో ఎడమ చెయ్యి మీద కొట్టాడు. మణికట్టు విరిగింది. పక్కింటావిడ ఆటోలో తీసుకెళ్ళింది. మూడు నెలలు కుట్టుపనికి వెళ్ళలేదు."

తేదీ గుర్తు లేకపోతే పండగనో, పిల్లాడి పుట్టినరోజునో, పరీక్షలనో పట్టుకుని రాయండి. ఊహించి మాత్రం తేదీ వేయకండి. ఒక్క తేదీ తప్పని తేలితే మిగతా పది మీద కూడా అనుమానం వస్తుంది.

ఇప్పుడు ఆ ఒక్క సంఘటన పక్కన అంకెలు వేయండి. ఆసుపత్రి బిల్లు 18,600 రూపాయలు అనుకుందాం. కుట్టుపనిలో నెలకి 14,000 వస్తుంటే మూడు నెలలకి 42,000. ఆ గొడవలోనే పగలగొట్టిన ఫోన్ 13,500. మొత్తం 74,100. వైద్య ఖర్చు, పోయిన సంపాదన, పాడైన వస్తువులు, మూడూ గృహ హింస చట్టంలోని సెక్షన్ 20 కింద అడగొచ్చు. మనసుకి పడ్డ బాధకి నష్టపరిహారం సెక్షన్ 22, అది దీనికి అదనం. చాలా పిటిషన్లలో "నష్టపరిహారం పది లక్షలు" అని ఒక గుండ్రటి అంకె వేసేసి ఊరుకుంటారు. కానీ నిలబడేది బిల్లు ఉన్న 74,100 లాంటి అంకె.

వాట్సాప్ మెసేజ్‌లు, కాల్ రికార్డింగులు ఉంటే ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ కొట్టకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు. భార్యాభర్తల మాటలు చాటుగా రికార్డు చేసినంత మాత్రాన విడాకుల కేసుల్లో వాటిని పక్కన పెట్టక్కర్లేదని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది.

3. బంగారం లిస్టు ఆల్బమ్ ముందు పెట్టుకుని రాయండి

మీ స్త్రీధనం మీద హక్కు పూర్తిగా మీదే. భర్తకి గానీ అత్తమామలకి గానీ అందులో వాటా లేదు, వాళ్ళ దగ్గర ఉంటే దాచిపెట్టినట్టే లెక్క అని సుప్రీంకోర్టు 1985 లోనే తేల్చింది. పుట్టింటివాళ్ళు పెట్టినవి, అత్తింటివాళ్ళు పెట్టినవి, చుట్టాలు చదివించినవి, మీకిచ్చినవన్నీ స్త్రీధనమే.

"నలభై తులాలు పెట్టాం" అంటే కుదరదు. ఆల్బమ్ తెరిచి ఒక్కో పేజీ చూడండి. పెళ్ళికూతురిని చేసిన రోజు చెవులకి ఉన్న బుట్టలు, తలంబ్రాల ఫొటోలో మెడలో ఉన్న కాసుల పేరు, రిసెప్షన్‌లో నడుముకి ఉన్న వడ్డాణం, ఒక్కోటి వేరే వరుసలో రాసి, వస్తువు, సుమారు బరువు, ఎవరు పెట్టారు, బిల్లు ఉందా, ఏ ఫొటోలో కనిపిస్తోంది, చివరిసారి ఎవరి చేతిలో ఉంది అని ఆరు గడులు గీయండి. ఆ ఆరో గడే ప్రాణం. "2021 లో అత్తగారు లాకర్‌లో పెడతానని తీసుకున్నారు" అని ఉంటేనే ఎవరిని అడగాలో కోర్టుకి తెలుస్తుంది. అద్దె నగలు, వన్ గ్రామ్ గోల్డ్ ఫొటోలో ఉన్నాయని లిస్టులో కలపకండి, బయటపడితే అసలు బంగారం కూడా అనుమానంలో పడుతుంది.

పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చి ఉంటే అది దాన దస్తావేజుతో ఇచ్చారా, నోటిమాటతో ఇచ్చారా చూడండి. నోటిమాట అయితే పహాణీ లేదా అడంగల్ (పొలం రికార్డు) ఎవరి పేరున నడుస్తోందో ఇవాళే చూసుకోండి. ఆ పొలం అమ్మి ఆయన పేరున ప్లాట్ కొన్నారా? అమ్మిన దస్తావేజు, డబ్బు పడ్డ ఖాతా, ప్లాట్ కొన్న తేదీ, ఈ మూడూ ఒక వరుసలో నిలబెట్టగలిగితేనే ఆ ప్లాట్ మీద మీ మాటకి బలం.

ఇంకొకటి. స్త్రీధనం అడగాల్సింది మీరు. 2024 లో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, కూతురు బతికి ఉండి, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రి వెళ్ళి ఆమె స్త్రీధనం తిరిగిమ్మని అడగలేడని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నాన్నగారు ఆవేశంగా స్టేషన్‌కి బయల్దేరితే ఆపి, సంతకం మీరు పెట్టండి.

4. ఆయన ఆస్తి, ఆదాయం వెతకండి

ఇక్కడ డిటెక్టివ్‌ని పెట్టుకోనక్కర్లేదు. సర్వే నంబరో ఇంటి నంబరో తెలిస్తే రిజిస్ట్రేషన్ శాఖలో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి. గత రెండేళ్ళలో తమ్ముడి పేరునో తల్లి పేరునో ఏదైనా రాసిచ్చేశాడేమో అందులో కనపడుతుంది. గొడవ మొదలైన తేదీకీ, గిఫ్ట్ డీడ్ తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో లాయరుకి చూపించండి. అదొక్కటే చాలాసార్లు కథ మొత్తం చెప్పేస్తుంది.

జీతం దాచేవాళ్ళ విషయంలో బతుకు చూపించాలి. కారు ఈఎంఐ, క్రెడిట్ కార్డు, ఫేస్‌బుక్‌లో పెట్టిన ట్రిప్పుల ఫొటోలు, పిల్లాడికి కట్టిన ఫీజు. నెలకి 15,000 సంపాదనని అఫిడవిట్‌లో (కోర్టుకి ప్రమాణం చేసి ఇచ్చే కాగితంలో) రాసినవాడు 22,000 ఈఎంఐ ఎలా కడుతున్నాడో చెప్పుకోవాల్సింది ఆయనే. ఆయన ఈమెయిల్, బ్యాంకు యాప్ పాస్‌వర్డ్‌లు కొట్టి లోపలికి మాత్రం వెళ్ళకండి, అది మీ మీదే కేసవుతుంది. కంపెనీ నుంచి జీతం వివరాలు తెప్పించమని కోర్టునే అడగొచ్చు.

తాతల ఆస్తి సంగతి: ఆయన బతికుండగా అందులో భార్యగా మీకు వాటా లేదు. హిందూ ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితమైతే పిల్లలకి, కొడుకైనా కూతురైనా, పుట్టుకతో వాటా ఉంటుంది. అది వేరే దావా. భరణం పిటిషన్‌లో ఇరికించకుండా లాయరుతో విడిగా మాట్లాడండి.

5. ఏ తలుపు తట్టాలి

మూడు దారులున్నాయి, ఒకదానికొకటి అడ్డం కాదు.

గృహ హింస కేసు, కోర్టుల్లో డీవీసీ అంటారు. మేజిస్ట్రేట్ దగ్గర వేస్తారు. మతంతో పనిలేదు. ఉండటానికి ఇల్లు లేదా అద్దె, స్త్రీధనం, నష్టపరిహారం, నెలనెలా డబ్బు, పిల్లల కస్టడీ, మళ్ళీ దగ్గరికి రాకుండా రక్షణ ఉత్తర్వు, అన్నీ ఒకే పిటిషన్‌లో అడగొచ్చు. మీరు ఇప్పుడు తలదాచుకుంటున్న ఊళ్ళోనే వేయొచ్చు, పుట్టింటి ఊరైనా సరే. నన్నడిగితే చేతిలో డబ్బు లేనివాళ్ళు మొదట దీనికే వెళ్ళాలి.

ఎంసీ, అంటే మనోవర్తి కేసు. పాత సీఆర్‌పీసీలో 125 సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 144. ఇందులో నెలనెలా డబ్బు తప్ప వేరేవి రావు. విడాకులైన ముస్లిం మహిళ కూడా ఈ సెక్షన్ కింద అడగొచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, అది కూడా తెలంగాణ కేసే.

విడాకుల కేసులోపలే అడగడం. హిందూ వివాహ చట్టం అయితే కేసు నడుస్తున్నంత కాలం మధ్యంతర భరణం సెక్షన్ 24, తీర్పప్పుడు లేదా ఆ తర్వాతైనా శాశ్వత భరణం సెక్షన్ 25. పెళ్ళిలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన వస్తువుల లెక్క సెక్షన్ 27. క్రైస్తవులకి, ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నవాళ్ళకి వాళ్ళ చట్టాల్లో భరణానికి ఇలాంటి సెక్షన్లే ఉన్నాయి. ఇంటి హక్కు, స్త్రీధనం లాంటి గృహ హింస చట్టపు ఉపశమనాల్ని ఫ్యామిలీ కోర్టులో కూడా అడగొచ్చని ఆ చట్టమే సెక్షన్ 26 లో చెప్తోంది, దీన్ని వాడుకునేవాళ్ళు తక్కువ.

రెండుమూడు చోట్ల వేస్తే డబ్బు రెండుమూడింతలు రాదు. ఒక కోర్టు ఇచ్చింది ఇంకో కోర్టు తీసేసి లెక్కకడుతుంది. పాత కేసు సంగతి దాచడం తప్పు, కాబట్టి ఏ కోర్టులో ఏం నంబరుతో ఏం నడుస్తోందో ప్రతి పిటిషన్‌లో రాయించండి.

లాయరుకి డబ్బు లేకపోతే జిల్లా కోర్టులోనే లీగల్ సర్వీసెస్ అథారిటీ ఉంటుంది, నంబరు 15100. మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 చట్టం చెప్తోంది. జిల్లాలో ప్రొటెక్షన్ ఆఫీసర్ (గృహ హింస చట్టం కింద పెట్టిన ప్రభుత్వ అధికారి), సఖి కేంద్రం (హింసకి గురైన మహిళలకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) కూడా పిటిషన్ పెట్టడానికి సాయం చేస్తారు. ప్రొటెక్షన్ ఆఫీసర్ రిపోర్టు లేకపోతే కేసే తీసుకోరని ఎవరైనా అంటే నమ్మకండి, అది తప్పనిసరి కాదని 2022 లో సుప్రీంకోర్టు తేల్చింది. "ఏడాది దాటిపోయింది, ఇక డీవీసీ వేయలేరు" అన్నది కూడా అంతే, ఆ ఏడాది గడువు ఈ పిటిషన్‌కి వర్తించదని అదే ఏడాది చెప్పింది.

6. పిటిషన్‌లో అడగాల్సినవి పేరుపేరునా అడగండి

"కోర్టువారు న్యాయం చేయగలరు" అని వదిలేస్తే అడగనిది రాదు. ఇవి ఉన్నాయో లేదో మీరే చదివి చూసుకోండి.

- ఉంటున్న ఇంటి నుంచి వెళ్ళగొట్టకూడదని, లేదా అదే స్థాయి ఇల్లు చూపించాలని, లేదా అద్దె కట్టాలని (గృహ హింస చట్టం సెక్షన్ 19, కింద విడిగా చెప్పనంతవరకూ సెక్షన్లన్నీ ఆ చట్టానివే). ఇల్లు అత్తమామల పేరున ఉన్నా మీరు కాపురం ఉన్న ఇల్లైతే అడగొచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ఉండే హక్కే, ఇల్లు మీదవదు, ఈ తేడా గుర్తుపెట్టుకోండి
- ఆస్తి అమ్మకుండా, లాకర్ తెరవకుండా, ఉమ్మడి ఖాతా ఖాళీ చేయకుండా ఆపమని (సెక్షన్ 18, 19). దీన్ని మొదటి రోజే అడగాలి. నోటీసు అందిన వారంలో లాకర్ ఖాళీ అయిపోతుంది, తర్వాత ఏడ్చి లాభం లేదు
- స్త్రీధనం లిస్టు ప్రకారం తిరిగి ఇవ్వాలని
- ఖర్చులు, పోయిన జీతం, నష్టపరిహారం
- నెల భరణం, మీకు ఎంత, ఒక్కో పిల్లకి ఎంత, విడివిడిగా
- కేసు తేలేదాకా మధ్యంతరంగా ఎంత (సెక్షన్ 23). ఆయన రాకపోయినా ఏకపక్షంగా ఇవ్వొచ్చు
- శాశ్వత భరణం దగ్గర, ఆయన స్థిరాస్తి మీద ఆ డబ్బుకి చార్జ్ (ఆ ఆస్తినే హామీగా కట్టేయడం) వేయమని (హిందూ వివాహ చట్టం సెక్షన్ 25). డబ్బు కట్టకుండా స్థలం అమ్ముకునేవాళ్ళకి ఇది ముకుతాడు

ఇంటి మీద ఇద్దరి పేర్లూ ఉంటే మీ వాటా మీదే, విడాకులతో పోదు. లోన్‌లో మీరు కట్టిన ఈఎంఐల స్టేట్‌మెంట్ తీసిపెట్టుకోండి.

భరణం ఎంత అడగాలి? 2017 లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం సబబు అంది, అప్పటి నుంచి అందరూ అదే పట్టుకున్నారు. అది సూత్రం కాదు. ఇద్దరి ఆదాయం, పిల్లలు, కాపురంలో ఉన్నప్పటి జీవన స్థాయి, మీరు ఉద్యోగం వదులుకున్నారా, ఆయన మీద ఇంకెవరు ఆధారపడ్డారు, ఇవన్నీ చూస్తారు. హింస ఇక్కడ ఎలా పనిచేస్తుందంటే, శాశ్వత భరణంలో ఇద్దరి ప్రవర్తనని కూడా చూడమని సెక్షన్ 25 చెప్తోంది. క్రూరత్వం మీద విడాకులు వచ్చి ఉంటే అది మీ వైపు బరువు. కానీ భరణం భర్తకి జరిమానా కాదని సుప్రీంకోర్టు 2024 లో చెప్పింది కాబట్టి "ఇంత కొట్టాడు కాబట్టి ఇంత" అని కాకుండా "ఆయన కొట్టి పని మాన్పించాడు, ఇప్పుడు నా ఖర్చు ఇది, నా సంపాదన ఇది, తేడా ఇది" అని అడగండి. మీ ప్రవర్తనని కూడా అవతలివాళ్ళు ఎత్తిచూపుతారు, దానికి సిద్ధపడండి.

7. ఆస్తి, ఆదాయ అఫిడవిట్

2020 నవంబరు నుంచి భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు చెప్తూ అఫిడవిట్ వేయాలి. బోలెడు గడులుంటాయి, చూడగానే టెన్షన్ వస్తుంది. గుమాస్తాకి ఇచ్చేసి "మీరే నింపండి" అనకండి. ప్రతి గడి మీరు నింపండి, లేనిచోట "లేదు" అని రాయండి, ఖాళీ వదలకండి.

పెద్ద పొరపాటు ఏంటంటే సొంత ఆదాయం దాచడం. ఇంట్లో ట్యూషన్లు చెప్తే నెలకి 6,000 వస్తున్నాయా, రాయండి. సంపాదిస్తున్న భార్యకి భరణం రాదని ఎక్కడా లేదు, ఆ సంపాదన బతకడానికి సరిపోతుందా అనేదే చూస్తారు. దాస్తే మాత్రం ఫోన్‌పే హిస్టరీ బయటికి తీస్తారు, ఇక మిగతా కాగితాలు కూడా ఎవరూ నమ్మరు. భరణం ఎక్కువ వస్తుందని ఉన్న ఉద్యోగం మానేయడం ఇంకా పెద్ద తప్పు.

ఆయన అఫిడవిట్ కాపీ తీసుకుని, మీరు తీసిన ఈసీలతో, ఫొటోలతో ఒక్కో వరుస పోల్చండి. ఎర్ర పెన్నుతో గీసుకుని లాయరుకి ఇవ్వండి. ఇది మీకంటే బాగా ఎవరూ చేయలేరు, ఆ ఇంట్లో ఉన్నది మీరు.

"నాకు ఉద్యోగం పోయింది" అని ఆయన అంటే కంగారుపడకండి. ఒంట్లో శక్తి ఉన్న మనిషి కూలిపని చేసైనా భార్యాపిల్లల్ని పోషించాలని 2022 లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. రాజీనామా తేదీ, మీ నోటీసు అందిన తేదీ పక్కపక్కన పెట్టి చూపించండి.

8. ఉత్తర్వు చేతికొచ్చాక చూడాల్సినవి

డీవీసీని మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. క్యాలెండర్ చూసుకుంటూ కూర్చోకండి, ఆలస్యం అవుతుంది. అందుకే మధ్యంతర ఉత్తర్వు అంత ముఖ్యం. కేసు సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకీ కోర్టు ఇచ్చే ప్రత్యేక నంబరు) తీసుకుని ఈకోర్ట్స్ యాప్‌లో పెట్టుకుంటే వాయిదా ఎప్పుడో ఎవరినీ అడగక్కర్లేదు.

సర్టిఫైడ్ కాపీ రాగానే కూర్చుని చదవండి. ఏ తేదీ నుంచి ఇవ్వాలని ఉంది? పిటిషన్ వేసిన తేదీ నుంచి ఇవ్వాలన్నది 2020 నాటి సుప్రీంకోర్టు మాట, ఉత్తర్వు తేదీ నుంచి అని ఉంటే లాయరుని అడగండి. ప్రతి నెలా ఏ తేదీలోపు, ఏ ఖాతాలో? పిల్లల భాగం విడిగా ఉందా? ఏటా పెరుగుదల ఉందా? స్త్రీధనం లిస్టు ఉత్తర్వుకి జతయిందా, లేక "నగలు ఇవ్వాలి" అని ఒక్క ముక్కే ఉందా? అలా ఉంటే అమలులో చిక్కే. డీవీసీ ఉత్తర్వు మీద అప్పీలుకి 30 రోజులే టైమ్.

డబ్బు నగదుగా తీసుకోకండి. మామగారొచ్చి చేతిలో పెట్టినా సరే, ఖాతాలో వేయమనండి. నగదు తీసుకుంటే ఎంత ఇచ్చారో తర్వాత వాదన అవుతుంది.

ఆగిపోతే వెంటనే కదలండి. మనోవర్తి బాకీ, కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలుకి పిటిషన్ వేయాలి, మూడేళ్ళు ఊరుకుని ఒకేసారి అడిగితే పాతది ఇరుక్కుంటుంది. కట్టకపోతే వారెంట్, జైలు దాకా వెళ్ళొచ్చు. ఆయనది ఉద్యోగమైతే, డీవీసీలో సెక్షన్ 20 కింద జీతం నుంచి కోసి నేరుగా మీకు కట్టమని కంపెనీని ఆదేశించమనొచ్చు. నా దృష్టిలో వారెంట్ కంటే ఇదే నయం. జైలుకి పంపితే ఆ నెల జీతం కూడా పోతుంది.

9. రాజీకి పిలిస్తే

చాలా కేసులు ఇక్కడే తేలతాయి, రాజీ తప్పేం కాదు. కానీ పెద్దమనుషులు కూర్చుని స్టాంపు పేపర్ మీద రాసిచ్చే "విడుదల పత్రం" విడాకులు కాదు. కులాచారం ఉందని నిరూపించగలిగిన కొద్ది సందర్భాలు తప్ప, కోర్టు డిక్రీ (విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు) కావాల్సిందే. ఆ కాగితం మీద "ఇక నాకు ఏమీ రావాల్సింది లేదు" అని సంతకం పెట్టి ఇంటికొచ్చిన ఒకావిడ అదే పేపర్ మడత విప్పి నా ముందు పెట్టి, "దీంతో పెళ్ళి పోయిందా, డబ్బు పోయిందా?" అని అడిగింది. పెళ్ళి పోలేదు. డబ్బు కోసం మాత్రం ఆ సంతకాన్ని దాటుకుని వెళ్ళడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

కాబట్టి పరస్పర అంగీకారంతో విడాకులైతే మొత్తం ఎంత, ఎన్ని వాయిదాల్లో, డీడీయా ఆర్‌టీజీఎస్సా, బంగారం ఏ రోజు ఎవరి ముందు అప్పగిస్తారు, ఏ కేసు ఎప్పుడు వెనక్కి తీసుకుంటారు అన్నీ పిటిషన్‌లోనే రాయించండి. చివరి సంతకానికి ముందు చివరి విడత డబ్బు ఖాతాలో పడాలి. "ముందు కేసు తీసేయండి, తర్వాత ఇస్తాం" అంటే కుదరదని మెత్తగానే చెప్పండి. పిల్లల భరణాన్ని మీరు వదులుకుంటున్నట్టు రాసినా అది పిల్లల హక్కు, మీ సంతకంతో చచ్చిపోదు. బంగారం తిరిగిచ్చే రోజు మీ లిస్టు, ఒక తూకం యంత్రం, ఇద్దరు సాక్షులు ఉండాలి. ఒక్కో వస్తువు తూచి, లిస్టులో టిక్ పెట్టి, తేడా ఉంటే ఆ పక్కనే బరువు రాసి, అప్పుడే రసీదు మీద సంతకం చేయండి.